బడి కమిటీ చైర్‌పర్సన్‌గా ఏడాదిగా సంతకాలు పెడుతున్నాను. ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి చేతిలో ఉంటుంది?

కంచరపాలెం అమ్మ:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంట్లో మిషన్ కుడతాను. పెద్దపాప మా దగ్గర్లోని మున్సిపల్ బడిలో ఏడో తరగతి, చిన్నోడు అక్కడే మూడు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఎన్నికలు జరిగాయి కదా. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకున్నారు. ఏడో తరగతి దాకా ఉన్న బడి కాబట్టి ఇరవై ఒక్క మందిమి. వాళ్లలో నన్ను చైర్‌పర్సన్‌ని చేశారు. ఆ రోజు ఇంటికొచ్చి మా అత్తయ్యకు చెబితే ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. అప్పటి నుంచి నేను చేసిన పని సంతకాలు పెట్టడం ఒక్కటే. ఇది చెప్పుకోవడానికి నాకు బాధగా ఉంది.

ఇప్పుడెందుకు అడుగుతున్నానో చెబుతాను. పాపకు పొద్దున్న నీళ్ల సీసా నింపి ఇస్తాను. సాయంత్రం అది అలాగే నిండుగా తిరిగొస్తోంది. మొదట మర్చిపోయిందేమో అనుకున్నాను. వారం రోజులు వరసగా అలాగే వచ్చేసరికి కూర్చోబెట్టి అడిగాను. "నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కి వెళ్లాలమ్మా, అందుకే తాగను" అంది. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గుక్కెడు నీళ్లు లేకుండా కూర్చుంటోంది, విశాఖ ఉక్కపోతలో.

మర్నాడు బడికి వెళ్లి చూశాను. ఆడపిల్లల వైపు నాలుగు గదులున్నాయి. గోడలకు టైల్స్ బాగానే ఉన్నాయి, బడులు బాగుచేసే నాడు-నేడు పథకం అప్పుడు వేసినవి. కుళాయి తిప్పితే గాలి శబ్దం వస్తోంది తప్ప చుక్క లేదు. మోటారు కాలిపోయి రెండు నెలలైందట. మూల ఒక నీలం డ్రమ్ము, అందులో ఆయా వీధి కుళాయి నుంచి బిందెలతో మోసి పోసిన నీళ్లు. పదకొండు గంటలకే అడుగంటాయి. రెండు గదుల తలుపులకు గడియ ఊడిపోయింది. ఒక పిల్ల లోపలికెళితే ఇంకో పిల్ల బయట తలుపు లాగి పట్టుకుని నిలబడుతోంది. అది చూశాక నాకు ఇంటికి రాబుద్ధి కాలేదు.

హెడ్మాస్టరు గారిని అడిగితే ఫండ్స్ లేవమ్మా అన్నారు. ఆయన మంచివారే, మూడు తరగతులు ఆయనే చెబుతారు. ఒక ఆఫీసుకు వెళితే బడులు ఇప్పుడు మా కింద లేవన్నారు. ఇంకో ఆఫీసుకు వెళితే బిల్డింగ్ మాది కాదన్నారు. మా ఆడపడుచు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. వాళ్ల ఊళ్లో బడులకు వాళ్ల ఇంటిపన్నులోంచే డబ్బు వెళుతుందట, బోర్డును జనమే ఓట్లేసి ఎన్నుకుంటారట. మేమూ జీవీఎంసీకి, అంటే విశాఖ కార్పొరేషన్‌కి, ఇంటిపన్ను కడుతున్నాం. అందులో మా బడికి ఏమైనా వస్తుందా? అసలు మా బడి ఎవరిది? నేను సంతకం పెట్టే కాగితాల్లో ఏముందని అడిగే హక్కు నాకుందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

రిటైర్డ్ హెడ్మాస్టరు, గోపాలపట్నం:

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. హక్కు ఉంది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, పార్లమెంటు చట్టంలో రాసి ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో 21వ సెక్షన్ మీ కమిటీ గురించే. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీ పనులు ఏమిటో కూడా అక్కడే ఉంది: బడి ఎలా నడుస్తోందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వం నుంచి గానీ స్థానిక సంస్థ నుంచి గానీ ఇంకెక్కడి నుంచి గానీ వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో పర్యవేక్షించడం. "ఇంకెక్కడి నుంచి గానీ" అన్న మాట గుర్తుంచుకోండి. దాత ఇచ్చిన ఫ్యాను కూడా మీ లెక్కలోకి వస్తుంది.

ఇక బడి ఎవరిదన్న ప్రశ్న. మీకు రెండు ఆఫీసుల్లో చెప్పింది చెరో సగం నిజం. మున్సిపల్ బడుల స్థలాలు, భవనాలు కార్పొరేషన్‌వి. 2022 జూన్‌లో 84వ నంబరు జీవో వచ్చింది. దాంతో మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు, ఆస్తులు మాత్రం మున్సిపాలిటీల దగ్గరే ఉంచారు. అంటే మాస్టార్ల హాజరు, పరీక్షలు, తనిఖీలు మండల విద్యాధికారి (ఎంఈవో), జిల్లా విద్యాధికారి (డీఈవో) వరుసలో వెళతాయి. గోడ పడిపోతేనో, ఆవరణ ఎవరైనా ఆక్రమిస్తేనో కార్పొరేషన్ రావాలి. జీతాలు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. బడి మీద పెట్టే ఖర్చులో చాలా పెద్ద భాగం జీతాలే, ఆ డబ్బు మీ బడి ఖాతాలోకి రాదు కాబట్టి మీకు కనపడదు.

మీ ఇంటిపన్ను కార్పొరేషన్ ఖజానాలో కలుస్తుంది. దానిమీద మీ బడికి ఇంత అని వాటా రాదు. పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది. చాలామంది దాన్ని బడి పన్ను అనుకుంటారు, కాదు.

ఇప్పుడు మీకు పనికొచ్చే డబ్బు సంగతి. సమగ్ర శిక్ష అనే పథకం ఉంది. 2018లో సర్వశిక్ష అభియాన్‌ను, హైస్కూళ్ల పథకాన్ని, టీచర్ల శిక్షణను కలిపి ఒకటి చేశారు. కేంద్రం 60 పైసలు పెడితే రాష్ట్రం 40 పెట్టాలి. అందులోంచి ప్రతి బడికి ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అని వస్తుంది. పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. చాక్‌పీసు దగ్గర నుంచి కరెంటు బిల్లు, నీళ్లు, పాడైన సామాను మార్చడం, మరుగుదొడ్ల మరమ్మతు దాకా అన్నీ దీంట్లోంచే. ఇందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు పెట్టాలన్నది నిబంధన. మీ మోటారు, మీ గడియలు నూటికి నూరుపాళ్లు దీని కిందికి వస్తాయి.

ఇది కాక తల్లికి వందనం, బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకం. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పిల్లకు 13,000 పడ్డాయి కదా. ప్రకటించింది 15,000. మిగతా 2,000 బడుల నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని మినహాయించారు. అంతకు ముందు ఇలాంటిదే అయిన అమ్మఒడి పథకంలోనూ ఇలాగే మినహాయించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. ఆయాకు నెలకు 6,000 జీతం ఆ నిధిలోంచే. అంటే అమ్మా, మరుగుదొడ్డి బాగుండాలని మీ పిల్లల పేరు మీదే డబ్బు పక్కన పెట్టారు. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మీ హెడ్మాస్టరు గారు ఫండ్స్ లేవన్నది అబద్ధం కాకపోవచ్చు. పాస్‌బుక్ చూస్తే నిజంగానే సున్నా కనిపిస్తుంది. 2021 తర్వాత సమగ్ర శిక్ష డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండడం లేదు. రాష్ట్రానికంతా కలిపి ఒకే పెద్ద ఖాతా పెట్టారు, బడికి ఇంతవరకు వాడుకోవచ్చని లిమిట్ ఇస్తారు. దాన్ని జీరో బ్యాలెన్స్ ఖాతా అంటారు. బిల్లు పెడితేనే పెద్ద ఖాతాలోంచి దుకాణదారుకు డబ్బు వెళుతుంది. మార్చి 31 దాటితే వాడని లిమిట్ పోతుంది. అందుకని పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ ఎంత అని అడగకండి, ఈ సంవత్సరం మన బడికి లిమిట్ ఎంత వచ్చింది, ఎంత వాడాం అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు మధ్య చాలా తేడా ఉంది.

ఒక మాట నా గురించి చెప్పాలి. నా సర్వీసులో ఒక ఏడాది గ్రాంటు మార్చి మూడో వారంలో వచ్చింది. టెన్షన్ పడి, చైర్మన్‌గా ఉన్న కూలీ మనిషిని పిలిచి, ఖాళీ చెక్కు మీద వేలిముద్ర వేయించుకున్నాను. తప్పుగా ఒక్క రూపాయి వాడలేదు. కానీ ఆయనకు ఏం కొన్నామో చెప్పనైనా చెప్పలేదు. రెండు బీరువాలు కొన్నాను. ఆ వేసవిలో మంచినీళ్ల కుండీ బీటలిచ్చి కారిపోయింది. ఆయన్ను అడిగి ఉంటే కుండీ సంగతి చెప్పేవాడు, ఎందుకంటే ఆయన భార్యే రోజూ అక్కడ నీళ్లు పట్టేది. ఆ విషయం ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

డాలస్ నుంచి, సొంతూరు సీతమ్మధార:

అక్కా, మీ పోస్టు చదివి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. మీ ఆడపడుచు గారు చెప్పింది నిజమే. నాకు తెలిసినంత చెబుతాను.

ఇక్కడ టెక్సస్‌లో బడులు సిటీ చేతిలో ఉండవు. స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది వేరే సంస్థ, దాని సరిహద్దులు కూడా ఊరి సరిహద్దులతో కలవకపోవచ్చు. మా డిస్ట్రిక్ట్‌లో ఏడుగురు ట్రస్టీలు, అంటే బోర్డు సభ్యులు, ప్రజలు ఎన్నుకుంటారు, జీతం ఉండదు. ఆ ఏడుగురూ కలిసి సూపరింటెండెంట్‌ను ఉద్యోగంలో పెట్టుకుంటారు, అంటే మన డీఈవో లాంటి ఆయన్ను పైనుంచి ఎవరూ పంపరు. ఇంటిపన్ను బిల్లులో స్కూలు వాటా విడిగా రాసి ఉంటుంది, నా బిల్లులో అన్నిటికంటే పెద్ద గీత అదే. ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు ఇంత అని రేటు. అందులో రెండు భాగాలు, ఒకటి రోజువారీ నడపడానికి, రెండోది భవనాల అప్పు తీర్చడానికి. కొత్త బడి కట్టాలంటే బాండ్లు అమ్మి అప్పు తేవాలి, దానికి జనం ఓటు వేయాలి. కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చేది దేశం మొత్తం మీద చూసినా చిన్న వాటానే.

నేను హెచ్1 వీసా, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నాను. పన్ను పూర్తిగా కడతాను, బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు. అయినా మీటింగుకు వెళ్లి పేరు రాయించుకుంటే మాట్లాడడానికి మూడు నిమిషాలు ఇస్తారు. ఒకసారి వెళ్లాను. మా అబ్బాయి బస్సు స్టాపు రద్దీ రోడ్డు అవతల పెట్టారని చెప్పాను. చేతులు వణికాయి. ఏడుగురూ విన్నారు, ఒకాయన రాసుకున్నారు. ఆ సమావేశం కాగితాలన్నీ ముందే నెట్‌లో ఉంటాయి, పెన్నుల కొనుగోలు దగ్గర నుంచి. నాకు ఇక్కడ నచ్చింది అదే.

కానీ అక్కా, ఇంటిపన్ను మీద బడి నడవడంలో పెద్ద అన్యాయం ఉంది. ఖరీదైన ఇళ్లున్న చోట తక్కువ రేటుకే బోలెడు డబ్బు వస్తుంది. పేదలున్న చోట ఎక్కువ రేటు వేసినా రాదు. శాన్ ఆంటోనియోలో పేద కుటుంబాల తల్లిదండ్రులు దీనిమీద కోర్టుకు వెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధం కాదని 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర కోర్టుల్లో చాలా ఏళ్లు పోరాడాక, 1993 నుంచి టెక్సస్‌లో సంపన్న డిస్ట్రిక్టుల డబ్బులో కొంత తీసి మిగతావాటికి ఇస్తున్నారు. మన దగ్గర కంచరపాలెంలో టీచరుకైనా ఎంవీపీ కాలనీలో టీచరుకైనా జీతం స్కేలు ఒకటే, ఆ వీధిలో ఇళ్ల ధరలతో పనిలేదు. అది చిన్న విషయం కాదు. ఆ సగం మన దగ్గర ఉంది. అడిగితే కాగితం చూపించే సగం ఇక్కడ ఉంది. మీరు అడుగుతున్నది ఆ రెండో సగమే.

పెందుర్తి మాజీ చైర్మన్:

చెల్లెమ్మా, మాస్టారు చట్టం చెప్పారు, నేను పని చెబుతాను. నేను తాపీ మేస్త్రిని. నాడు-నేడు మొదటి విడత 2019 నవంబరు 14న మొదలైంది, 15,715 బడులు తీసుకున్నారు. అందులో మా బడి ఒకటి. కాంట్రాక్టరు లేడు. పనంతా పేరెంట్స్ కమిటీ చేతుల మీదుగానే. ఖాతా కమిటీ పేరున, సంతకాలు మావి, హెడ్మాస్టరువి. ఇసుక, కూలీ మేమే చూసుకున్నాం. బిల్లులు ఎస్‌టీఎంఎస్ అనే యాప్‌లో ఎక్కించేవారు.

ఇటుక ఎంతకు వస్తుందో నాకు తెలుసు కదా. మొదటి కొటేషను చూసి, ఈ రేటు మా వీధిలో లేదని చెప్పాను. అందరూ నా వంక చూశారు. ఇంజినీరు గారు కూడా "అయితే నువ్వే తీసుకురా" అన్నారు. తెచ్చాను. ఆ మిగిలిన డబ్బుతో చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర అరుగు కట్టాం, చిన్నపిల్లలకు అందేలా. చైర్మన్ అంటే సంతకం పెట్టేవాడు కాదు, ఆ పని తెలిసినవాడు అని అప్పుడు అర్థమైంది. నీకు మిషన్ తెలుసు. యూనిఫాం గుడ్డ వస్తే పట్టుకుని చూసి చెప్పగలవు. మీ కమిటీలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడేమో అడుగు, మోటారు విషయం అతనికి వదులు.

గొడవకు మాత్రం పోవద్దు. మీటింగుల్లో ఏం జరిగిందో రాసే మినిట్స్ బుక్ అడుగు. మీటింగు పెట్టమని కన్వీనర్‌కి కాగితం రాయి, కన్వీనర్ అంటే హెడ్మాస్టరే. ఎజెండాలో మోటారు, గడియలు అని రాయించు. కార్పొరేటర్ కూడా మీ కమిటీలో హోదా రీత్యా సభ్యులే, ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ సభ్యురాలే, అంగన్‌వాడీ టీచరు సభ్యురాలే. ముగ్గురికీ కాగితం పంపు. ఏఎన్ఎమ్ గారు వస్తే మంచిది. ఆడపిల్లలు నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుందని ఆవిడ నోటితో చెప్పిస్తే అందరూ వింటారు. మగాళ్లం మేము ఆ మాట ఎత్తడానికి సిగ్గుపడి చాలా రోజులు పోగొట్టాం. తీర్మానం రాశాక చదివి వినిపించమను, ఆ తర్వాతే సంతకం. నీ ఫోన్‌తో ఫొటో తీసుకో.

ఏదీ ఇవ్వకపోతే సమాచార హక్కు ఉంది, మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది ఆఖరికి. మొదట్లోనే అది వాడితే హెడ్మాస్టరు నీకు దూరమైపోతారు, రోజూ పిల్లల్ని చూసేది ఆయనే.

కంచరపాలెం అమ్మ:

మూడు వారాలైంది, ఆలస్యానికి ఏమనుకోవద్దు. పెళ్లిళ్ల సీజను, జాకెట్లు కుట్టడంతో రాత్రి పదకొండయ్యేది.

అన్నయ్య గారు చెప్పినట్టు కాగితం రాశాను. హెడ్మాస్టరు గారు చదివి ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మా, నేనొక్కణ్నే ఇవన్నీ చూసుకోలేకపోతున్నాను, మీరు అడగడమే మంచిదైంది" అన్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇన్నాళ్లూ ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం.

మీటింగుకు ఇరవై ఒక్క మందిలో పద్నాలుగు మంది వచ్చారు. ఏఎన్ఎమ్ గారు వచ్చారు. మాస్టారూ, మీరు చెప్పిన ప్రశ్న అలాగే అడిగాను, లిమిట్ ఎంత, వాడింది ఎంత అని. కంప్యూటర్‌లో తెరిచి చూపించారు. మా బడికి వచ్చిన మొదటి విడతలో ఇంకా 11,400 రూపాయలు వాడకుండా ఉంది! ఆయనకు కూడా ఆ సంగతి సరిగ్గా తెలియదు, లాగిన్ పని వేరే బడి మాస్టారు చేసిపెడుతున్నారట. ఐదో తరగతి బాబు వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. ఆయన మోటారు విప్పి, కొత్తది అక్కర్లేదు, రీవైండింగ్ చేయిస్తే చాలు అన్నారు. 3,200 అయింది, బిగించిన కూలీ ఆయన తీసుకోలేదు. గడియలు నాలుగు గదులకూ కొత్తవి వేయించాం, చిన్నపిల్లల చెయ్యి అందే ఎత్తులో. తీర్మానం నేనే చదివాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయాను కూడా మీటింగులో కూర్చోబెట్టాం. ఫినాయిల్ సీసాలు, చీపుళ్లు నెలకు ఎన్ని కావాలో ఎవరూ ఎప్పుడూ తనను అడగలేదంది. రోజుకు ముప్పై బిందెలు మోసిందట ఆ రెండు నెలలూ. ఆవిడ భుజం మీద గుడ్డ మడత పెట్టుకునే చోట చర్మం నల్లగా కమిలిపోయింది. అది అందరం చూశాం.

సోమవారం పాప సీసా ఖాళీగా వచ్చింది. మంగళవారం కూడా.

ఇంకో ప్రశ్న మాస్టారూ. మీరు చెప్పిన గ్రాంటు లెక్కలో 250 దాటితే 75,000 అన్నారు. మా బడిలో పిల్లలు 243 మంది. అంటే ఎనిమిది మంది చేరితే ఏడాదికి 25,000 ఎక్కువ వస్తుందా? మా వెనక వీధిలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి, బిల్డింగ్ పనుల మీద వచ్చారు. ఆ పిల్లలు బడికి రావట్లేదు. ఆధార్ లేదని ఎవరో చెప్పారట.

రిటైర్డ్ హెడ్మాస్టరు, గోపాలపట్నం:

అమ్మా, చాలా సంతోషం. లెక్క సరిగ్గా పట్టుకున్నారు. యూడైస్ అని కేంద్రం దగ్గర ప్రతి బడికీ 11 అంకెల కోడ్‌తో వివరాలుంటాయి. అందులో ఎక్కిన సంఖ్యను బట్టే గ్రాంటు. 251 అయితే పై శ్లాబు. మీ బడి రిపోర్ట్ కార్డు ఫోన్‌లోనే చూడవచ్చు. మరుగుదొడ్లు, కుళాయిలు, లైబ్రరీ పుస్తకాలు ఎన్ని ఉన్నాయని రాశారో చూడండి. పాడైపోయినవి కూడా పనిచేస్తున్నట్టు రాసి ఉంటే సరిచేయించండి. అక్కడ బాగుందని ఉంటే మీకు ఏదీ మంజూరు కాదు.

ఆధార్ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని, టీసీ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. పుట్టిన తేదీ కాగితం, టీసీ సంగతి విద్యాహక్కు చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. డబ్బు సంగతి పక్కన పెట్టినా వెళ్లి తీసుకురండి.

డిసెంబరు వస్తోంది కాబట్టి ఇంకొకటి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం మీ కమిటీ పనే, మూడేళ్లకు ఒకటి, ఏడాదివారీగా విడగొట్టి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే ఇవ్వాలి. చాలా బడుల్లో కిందటేడాది కాగితానికి తేదీ మార్చి పంపుతారు. మీరు అలా చేయనివ్వకండి. గ్రాంటులకు అదే ఆధారమని 22వ సెక్షన్ చెబుతోంది. వరండా కారుతుందా, ప్రహరీ ఎక్కడ కూలింది, కొలతతో సహా రాయండి.

కంచరపాలెం అమ్మ:

నిన్న ఆదివారం నేను, చిన్నోడు, ఎలక్ట్రీషియన్ అన్నయ్య వెనక వీధికి వెళ్లాం. పదకొండు మంది పిల్లలున్నారు, ఆరేళ్లు దాటినవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల అమ్మలకు తెలుగు అంతంత మాత్రమే. మా చిన్నోడు వాళ్లతో గోళీలాట మొదలుపెట్టాడు, అరగంటలో కలిసిపోయారు. ఒక తల్లి అడిగిన మొదటి ప్రశ్న, బడిలో ఆడపిల్లకు బాత్‌రూమ్ ఉందా అని. ఉందమ్మా, నీళ్లొస్తున్నాయి, గడియ కూడా ఉంది అని చెప్పాను.

ఈ రోజు పొద్దున్న ఆరుగురు వచ్చారు. మిగతా ముగ్గురి నాన్న పనికి వెళ్లాడట, రేపు తీసుకొస్తానంది వాళ్ల నాయనమ్మ. ప్రణాళిక కోసం టేపు పట్టుకుని వరండా కొలిచాను, పద్దెనిమిది అడుగుల మేర కారుతోంది. రాసింది ఫొటో తీసి ఇక్కడ పెడతాను మాస్టారూ, తప్పులుంటే దిద్దండి.